ఎర్నమ్మ బొమ్మకు నోరు

"గురువమ్మా, ఏడాది కావస్తోంది. ఆ ఎర్నమ్మకి ఇంకా కోపం పోలేదేటి?" అని అడిగింది దాలమ్మ.

కర్రసాము నేర్పే అప్పలనరసమ్మకు దాలమ్మ పెద్ద శిష్యురాలు. మగవాళ్ల చేతుల్లో నలిగి వచ్చిన ఆడవాళ్లకు అప్పలనరసమ్మ పొద్దున్న కర్ర తిప్పడం, మధ్యాహ్నం తోలుబొమ్మలు చేయడం నేర్పేది. ఏదడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు ఆవిడకు లేదు. ఆ రోజూ చెప్పలేదు.

ఎర్నమ్మ జీడిపప్పు బట్టీలో పనిచేసేది. యజమాని ఆమెను గోదాములోకి పిలిచి చెరిచాడు. ఆమె కేసు పెట్టింది. ఊరు ఆమెను అడిగింది ఒక్కటే, మరి అరవలేదేం అని. అరవకపోతే ఏమీ జరగనట్టే మన పెద్దమనుషుల లెక్క. ఆ నోళ్లు పడిపోను. అప్పలనరసమ్మ దగ్గరికి వచ్చాక ఎర్నమ్మ మేకతోలు మీద తన బొమ్మే గీసుకుని, కోసి, రంగులద్దింది. నోరు మాత్రం పెట్టలేదు.

మర్నాడు, అదే బట్టీలో మూటలు మోసే ఆమె అన్న సూరప్పడు ఇద్దరు పెద్దలను వెంటేసుకుని వచ్చాడు. యజమాని పదిమందిలో చీర పెట్టి క్షమించమంటాడట, ఆమె కేసు వెనక్కి తీసుకోవాలట. చెరిచినందుకు చీరట.

"ఏడాది కావస్తోంది. నీకింకా కోపం పోలేదేటే?" అన్నాడు సూరప్పడు.

"అంత జరిగితే ఆ రోజే అరుద్దువు కదమ్మా" అని ఒక పెద్దమనిషి అందుకున్నాడు.

ఎర్నమ్మ ఉలి తీసుకుని బొమ్మకు నోరు కోసింది.

"అది బొమ్మతో చెప్తాది. కూకోండి" అంది అప్పలనరసమ్మ. పిల్లల ఆటనుకుని వాళ్లు నవ్వుతూ కూర్చున్నారు. తలుపులు మూసి, తెల్లగుడ్డ కట్టి, వెనక దీపం పెట్టారు.

బొమ్మ మాట్లాడింది. గోదాము తలుపు గడియ ఎవరు పెట్టారో చెప్పింది. నోట్లో ఏ గుడ్డ కుక్కారో చెప్పింది. బయట మూటలు మోస్తూ, లోపల పెనుగులాట విని కూడా పక్కకు తప్పుకున్నది ఎవరో చెప్పబోయింది.

సూరప్పడు లేచి గుడ్డ లాగేశాడు. బొమ్మ మీదికి చెయ్యి చాచాడు. ఎర్నమ్మ ఎడమచేతిలో బొమ్మ వదలకుండానే కుడిచేత్తో కర్ర తిప్పింది. అది అతని మణికట్టుకు అంగుళం దూరంలో ఆగింది.

"కథ అవలేదన్నా. కూకో" అంది.

అతను కూర్చున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఎర్నమ్మ గుడ్డ అడ్డం లేకుండా, దీపం ముందు నిలబడి, అన్న పేరుతో సహా చివరిదాకా చెప్పింది. చీర మాట మళ్లీ ఎత్తకుండా వాళ్లు లేచి వెళ్లిపోయారు.

సాయంత్రం కర్రలకు నూనె రాస్తూ దాలమ్మ మళ్లీ అడిగింది. "ఇప్పటికైనా దాని కోపం పోయినట్టేనా అమ్మా?"

అప్పలనరసమ్మ కర్ర పక్కన పెట్టింది.

"నిన్న నువ్వడిగిన మాటే ఇవాళ దాని అన్న కూడా అడిగేడు. విన్నావా?"