తడికాళ్ల మల్లయ్య

ఇసుక దిబ్బల్లో తుమ్మకంపల మధ్య నడిచి, ఎర్రవంక అనే వాగు దాటితే ఒక చిన్న గుట్ట వస్తుంది. దానిపై వెలసిన స్వామిని భక్తులు తడికాళ్ల మల్లయ్య అని కొలుస్తారు. మండువేసవిలోనూ ఆయన పాదాలు చెమ్మగానే ఉంటాయి.

పూర్వం ఇక్కడ వానలు ఏళ్ల తరబడి మొహం చాటేశాయి. ఊరంతా మూటలు కట్టి వలసకు సిద్ధమైంది. గొర్రెలు కాచుకునే ఓబులక్క మాత్రం, "ఈ ఒక్క పొద్దు ఆగండి. సామికి నీళ్లు పోసి వాన అడిగొస్తా" అంది. ఊరివాళ్లు తలా ఒక గుక్క మానుకుని ఆమె ముంత నింపారు.

కాలే ఇసుకలో పడుతూ లేస్తూ ఆమె వంక చేరేసరికి, ఎగువన కురిసిన వాన వరదై పొర్లుతోంది. దారినిండా కొట్టుకొచ్చిన కంపలే. పుట్టి బుద్ధెరిగాక అన్ని నీళ్లు చూడని ఓబులక్కకు భయం కన్నా కోపమే ఎక్కువ వచ్చింది. "నేను సామి కాడికి పోయే పొద్దే నువ్వూ రావాల్నా?" అని వంకను తిడుతూ, ముంత నెత్తిన పెట్టుకుని దిగింది.

వంక నడుమ ఆమె కోక కంపకు చిక్కింది. లాగితే ముంత పోతుంది, ఆగితే తనే పోతుంది. అంతలో ఒక ముసలాయన కర్రతో కంపలు నెడుతూ వచ్చాడు.

"నీళ్లలో నిలబడి నీళ్లు కాపాడుకుంటాండావేమ్మా? పారబోసెయ్. గుట్టపైన ఈ వంకనీళ్లే పోద్దువు."

"ఇవి మా ఊరోళ్లు గొంతెండబెట్టుకొని ఇచ్చినవి తాతా. వంకనీళ్లు ఊరికే వచ్చినాయి."

"అయితే నాకో గుక్క పోయమ్మా."

"ముందు సామికి. తొలి తీర్థం నీకే."

ఆయన నవ్వి కర్ర అందించాడు. ఆమె ఒడ్డెక్కి తిరిగి చూస్తే మనిషి లేడు. గుట్టెక్కి ముంత వంచబోతే, చుక్క పడకముందే స్వామి కాళ్లు తడిసి ఉన్నాయి. పిక్కలకు ఎర్రమట్టి, మడమలో తుమ్మముల్లు. "ముందే చెప్పకూడదా సామీ" అని కసురుతూ, కన్నీళ్లతోనే ఆ ముల్లు తీసి అభిషేకం చేసింది.

వంక తగ్గాక తిరిగొచ్చేసరికి వరద ఊరి బావులన్నీ నింపింది. జనం మూటలు విప్పుతున్నారు. వంకలో దిగుతూ తాను తిట్టింది కోరిన వరాన్నేనని తెలిసి ఓబులక్క సిగ్గుపడింది.

ఆ తాత స్వామేనని, మాట తీరిపోయిందని సంగతి విన్న గుడి పూజారి సర్దిచెప్పబోయాడు. ఆమె ఒప్పుకోలేదు. "సామికి పోస్తినయ్యా. నేను మాటిచ్చింది తాతకు" అని తీర్థం పట్టుకుని వంకగట్టుకు పోయి, తాత కనబడకపోతే ఎదురైన బాటసారి చేతిలో పోసింది.

నేటికీ ఇక్కడ తొలి తీర్థం ముక్కూమొహం తెలియని బాటసారిదే. అలా ఇచ్చిన ఇంట బావి ఎండదని పెద్దలంటారు. ఎవరూ రాని రోజున పూజారి మొదలు పసిబిడ్డ వరకు అందరూ తీర్థం ముట్టకుండా నోరు కట్టుకుని, దారివంక చూస్తూ గట్టున కూర్చుంటారు.