అసలు సంఘం ఏది?

నోటితో చెప్పడమేగానీ కథ రాయడం నాకిదే మొదలు.

వానకు బీడీల షెడ్డు కారి ఆకంతా తడుస్తోంది. రేకులు వేయించమని అడగడానికి అక్కడ బీడీలు చుట్టే గంగమణి యజమాని సేటు దగ్గరికి పోయింది. కార్మికుల ఎర్రజెండా సంఘం అప్పటికే రెండు ముక్కలు. పరాయి దేశంలో వచ్చిన విప్లవం అసలుదా కాదా అని ఇద్దరు నాయకులకూ తగువు.

"ఏది అసలు సంఘమో ముందు తేల్చుకోండి. దానితోనే మాట్లాడతా" అని సేటు మీసం దువ్వాడు.

"నిజమే సేటూ. ఒకాయన పనికి పొమ్మంటడు, ఇంకొకాయన సమ్మె అంటడు. అసలెవరో తేలేదాకా మేం ఇంట్లనే కూసుంటం."

"ఎన్నిరోజుల్లో తేలుతుంది?"

"వాదన మొదలై పన్నెండేండ్లాయె. ఇంకా మొదటి మాటే తెగలే."

సాయంత్రానికి రేకుల బండి వచ్చింది.

మర్నాడు పొద్దున గంగమణి నిచ్చెనకు చెరోపక్క ఆ నాయకులిద్దరినీ నిలబెట్టి, "గట్టిగ పట్టుకోండ్రన్నా, ఒక్కరొదిలినా నేను పడత" అంటూ పైకెక్కింది.