నక్క దాచుకున్న చెలమ

పిల్లలూ, పెసల చేట పక్కన పెట్టాను. ముందు నా ప్రశ్నకి జవాబు చెప్పండి. జొన్నచేలో దిష్టిబొమ్మకి కాకి ఎన్నాళ్లు భయపడుతుంది? తెలీదా? అయితే వినండి.

ఒక వాగు. ఒడ్డున మాత్రలు తయారుచేసే ఫ్యాక్టరీ. అక్కడ మిగిలిన మందునీళ్లన్నీ ఓ కాలువగుండా వాగులోకే వచ్చేవి. కాలువ కలిసేచోట నక్క కూర్చుని కేకలు మొదలుపెట్టింది.

"రండి రండి! రోజూ ఓ గుక్క తాగండి, రోగం మీ గడప తొక్కదు! గుక్కకి ఒక్క ఎండ్రకాయ, అంతే!"

జంతువులు క్యూ కట్టాయి. గేదె కూడా దూడని తోలుకొచ్చింది. ఎండ్రకాయలు పట్టడం రాక, పాపం, తోకకి కరిపించుకుని మరీ తెచ్చేది.

నెల తిరిగేసరికి దూడ కాలికి ముల్లు గుచ్చుకుని పుండైంది. పశువుల డాక్టరు మందు వేసినా తగ్గలేదు. దూడ లేవడం మానేసింది.

"నక్కన్నా, రోజూ తాగించాను కదా!" అని గేదె ఏడ్చింది.

"చాల్లేదు చెల్లెమ్మా. ఇకనుంచి రెండేసి గుక్కలు పట్టించు."

కొమ్మమీది కాకి ఫక్కున నవ్వింది. "గేదక్కా, ఆ జొన్నచేలో దిష్టిబొమ్మని చూడు. మొదటిరోజు దాన్ని చూసి పొలిమేర దాటాం. రోజూ అక్కడే నిలబడితే ఇంకేం భయం? ఇప్పుడు దాని నెత్తిమీదే మా చెల్లెలి గూడు! వాగులో క్రిములూ అంతే. రోజూ కాస్తకాస్త మందు తగిలి చచ్చేవి చచ్చాయి, మందుకి లొంగని మొండివి మిగిలాయి. వాటిదే ఇప్పుడు నీ దూడ పుండులో కాపురం."

"అబద్ధం! నేనూ ఇవే తాగుతున్నా!" అంది నక్క.

"అయితే మా ముందు ఓ గుక్క తాగు మామా."

"ఇవాళ నాకు ఉపవాసం," అంది నక్క, ఎండ్రకాయ నములుతూ.

"మరి పొద్దున్నే ఫ్యాక్టరీకి ఎగువన, ఇసకలో మూతిపెట్టి తాగినవేమిటో!" అంటూ కాకి ఎగిరింది. అందరూ దాని వెంట పరుగెత్తారు. అక్కడ నక్క తనకోసం తవ్వుకున్న చెలమ, నిండా తేటనీళ్లు!

గేదె నక్క తోకని తొక్కిపట్టింది. "తవ్వడం బాగానే వచ్చు నీకు! మాకూ తవ్వు."

ఆ రోజంతా నక్క చెలమలు తవ్వుతూనే ఉంది. కాకి దాని నెత్తిన కూర్చుని, "ఇంకాస్త లోతు మామా!" అంటూ మేస్త్రీ పని చేసింది. డాక్టరు మందు మార్చాడు, గేదె చెలమనీళ్లే తాగించింది. పదిహేను రోజులకి దూడ గంతులేస్తూ వచ్చి నక్కనే గుంటలోకి తోసింది!

మందు కత్తిలాంటిది పిల్లలూ, అవసరానికి దూస్తేనే పదును, రోజూ నీళ్లలో నానబెడితే తుప్పే.

ఇక లేస్తాను. పెసల్లో రాళ్లు సగం అలాగే ఉన్నాయి. పొద్దు వాలితే నా కళ్లకి రాయీ పెసరా ఒకటే.