నూరో గూటి బూట్లు

అనగనగా ఒక రాజ్యం. అది ఎప్పటి సంగతి అని మాత్రం నన్నడక్కండి. రాజులూ ఉన్నారు, రబ్బరు అడుగుల పరుగుబూట్లూ ఉన్నాయి. అలాంటి రోజులు ఉండేవని నమ్మితే కథ వినండి, లేదంటే లేచి వెళ్ళి ఆడుకోండి.

ఆ రాజ్యం పేరు చంద్రకూటం. రాజు పేరు వీరకేతు. కొందరు రాజులకు ఏనుగుల పిచ్చి, కొందరికి యుద్ధాల పిచ్చి. మన వీరకేతుకు పాత బూట్ల పిచ్చి! కోట పక్కనే పాలరాతి మందిరం కట్టించి, గోడల నిండా నూరు గూళ్ళు పెట్టించాడు. గూటికొక జత. తొంభై తొమ్మిది గూళ్ళు నిండాయి. నూరోది ఖాళీగా ఉంది.

అబ్బబ్బ, ఏం బూట్లనుకున్నారు! తెల్ల కాన్వాసుగుడ్డతో కుట్టి, అంచున సన్నటి ఆకుపచ్చ గీత తీసిన జత ఒకటి. రాజుగారి తాత పడుచుదనంలో పరుగుపందెంలో తొడుక్కున్నది. సుద్దముక్కతో రుద్దితే ఇప్పటికీ మల్లెపువ్వులా తెల్లబడుతుంది. చీలమండ దాటి పైకొచ్చే ఎర్ర జత ఇంకొకటి. తాళ్ళు దూర్చే కన్నాలకు ఇత్తడి రింగులు. రాజుగారి మేనత్త బంతాటలో పది ఊళ్ళవాళ్ళను ఓడించింది ఆ జతతోనే.

ఇక నీలం జత! మెత్తటి తోలు, తేనెరంగు రబ్బరు అడుగు. ఏరు పొంగి వస్తోందని కబురు మోసుకుంటూ జంగమయ్య అనే వార్తాహరుడు రెండామడల దూరం పరిగెత్తింది అందులోనే. ఆ పరుగే లేకపోతే సగం ఊరు ఏట్లో కొట్టుకుపోయేది. దాని ముందుకొస్తే మీసాలు మెలేసే సేనాపతులు కూడా చేతులు జోడించేవాళ్ళు.

వీటన్నిటినీ చూసుకునేది సింగమ్మ. బూట్లు కుట్టేవాళ్ళ ఇంట పుట్టిన మనిషి. వాళ్ళ నాయన పోయాక ముప్పై ఏళ్ళుగా మందిరం తాళాలు ఆమె దగ్గరే ఉన్నాయి. మందిరం వెనక గదే ఆమె ఇల్లు. ఇంకో ఊరు కన్నెత్తి చూసి ఎరగదు.

ఆ మందిరానికి ఒక ఆచారం ఉంది. కొత్తగా వచ్చిన జత తన కాలికి పట్టేదైతే, రాజు దాన్ని ప్రజలందరి ముందూ తొడుక్కుని మూడడుగులు నడవాలి. ఆ తర్వాతే గూట్లో పెట్టాలి. గూట్లో పెట్టాక మాత్రం మరెవరి పాదమూ అందులో దూరకూడదు. దూరిందా, దేశం విడిచి పోవాల్సిందే.

ఒకరోజు పొద్దున్నే వసుగుప్తుడనే వర్తకుడు గంధపుచెక్క పెట్టె పట్టుకుని వచ్చాడు. పెట్టె తెరిచాడు. లోపల పసుపురంగు జత, తళతళలాడుతోంది.

"మహాప్రభూ! మీ జంగమయ్య జత కుట్టిన పనివాడే అరవై ఏళ్ళ కిందట దీన్నీ కుట్టాడు. సరిగ్గా మీ పాదం కొలత. ఇంతవరకూ ఒక్క కాలు తగల్లేదు, ఒక్క మడత పడలేదు!" అన్నాడు.

రాజుకు మతి పోయింది. "ఆహా! ఇన్నాళ్ళకు నా నూరో గూడు నిండింది. మధ్యాహ్నమే వేడుక! చాటింపు వేయించండి!" అన్నాడు.

వసుగుప్తుడు అంతటితో ఊరుకుంటేనా? మందిరమంతా కలియతిరిగాడు. నీలం జత దగ్గర ఆగాడు. వేలు పెట్టి లోపల తడిమాడు. వేలికి ఒక గుడ్డపీలిక తగిలింది. బయటికి లాగాడు.

"ఇదేమిటి ప్రభూ? పాదం చిన్నదైనవాళ్ళు వదులు లేకుండా కుక్కుకునే గుడ్డ కదా ఇది! పైన మడతలు కూడా కొత్తవి. మీ బూట్లు ఎవరో తొడుక్కుంటున్నారు!"

రాజు మొహం కందగడ్డ అయింది. "సింగమ్మా! ఇటు రా!" అని కేక వేశాడు.

పక్కనున్న మంత్రి మంచివాడు. ఆమె చెవి దగ్గర, "ఎలుకలు లాక్కొచ్చాయని చెప్పు, పోతుంది" అని గొణిగాడు.

సింగమ్మ ఆలోచించింది. ఎలుక అంటే ఇల్లు నిలుస్తుంది. నిజమంటే ఈ వయసులో ఏ చెట్టు కిందో బతకాలి. అయినా ఆమెకు నోరు అబద్ధానికి తిరగలేదు.

"నేనే ప్రభూ" అంది.

"నువ్వా!"

"నెలకొకసారి ఒక్కో జతా తొడుక్కుని మందిరం చుట్టూ మూడు చుట్లు తిరుగుతాను. పెద్దవాటిలో గుడ్డ కుక్కుకుంటాను. చిన్నపిల్లల జతలైతే చేతులు దూర్చి నేల మీద నడిపిస్తాను. రబ్బరుకు కదలిక ఉండాలమ్మా, ఊరికే ఉంచితే చచ్చిపోతుంది అని మా నాయన చెప్పాడు. ఆయనా అట్లాగే చేశాడు."

"ముప్పై ఏళ్ళు! నా తాతగారి బూట్లలో నీ కాళ్ళు!" రాజు ఒళ్ళు మండిపోయింది. "పొద్దు వాలేలోగా పొలిమేర దాటు. ఇక ఈ మందిరానికి వసుగుప్తుడే కాపరి!"

సింగమ్మ తాళాలగుత్తి కింద పెట్టింది. "పోతాను దొరా. ఒక్క మాట. నన్ను పంపినా సరే, నెలకొకసారి వీటిని నడిపించే మనిషిని పెట్టండి. లేకపోతే రెండేళ్ళకు ఒక్కటీ మిగలదు."

"చాలు చాలు!" అన్నాడు రాజు. పాపం, ఎంత గుండెకోతో చూడండి. తన పొట్టకేం గతి అని అడగలేదు ఆ పిచ్చితల్లి, బూట్ల గురించి బతిమాలింది!

మధ్యాహ్నమైంది. మందిరం ముందు ఇసకేస్తే రాలనంత జనం. బాకాలు మోగాయి. మూట భుజాన వేసుకుని బయల్దేరిన సింగమ్మకు ఆ గుంపులో దారి దొరకలేదు. ఓ పక్కన నిలబడిపోయింది.

రాజు పసుపు జత తొడుక్కున్నాడు. తాళ్ళు బిగించాడు. జనం జేజేలు కొట్టారు.

మొదటి అడుగు వేశాడు. కింద ఏదో పటపటమంది. రాజు ఉలిక్కిపడ్డా, నవ్వు మాత్రం చెదరనివ్వలేదు.

రెండో అడుగు వేశాడు. వెనకాల పాలరాతి మీద పసుప్పచ్చని పొడి రాలింది.

మూడో అడుగుకు రబ్బరంతా అప్పడంలా ముక్కలైపోయింది. పైగుడ్డ కాలికి మిగిలింది, కింది అడుగు నేలకు మిగిలింది. రాజు తూలి, మంత్రి మీద పడి, ఇద్దరూ కలిసి కూలబడ్డారు. జనం కిక్కురుమనలేదు. ఒక చంటిపిల్ల మాత్రం కిలకిలా నవ్వింది.

రాజుకు తల కొట్టేసినట్టయింది. "మోసం! నకిలీ సరుకు అంటగట్టాడు! వీణ్ణి చెరసాలలో వేయండి!" అని అరిచాడు.

వసుగుప్తుడు చేతులు జోడించాడు. "నిజంగా అసలు జతే ప్రభూ! నా ప్రాణం మీద ఒట్టు! ఇంతవరకూ ఎవరూ తొడగనే లేదు!"

వాడి మాట ఎవరు నమ్ముతారు? భటులు రెక్కలు పట్టుకున్నారు. అప్పుడు గుంపులోంచి ఒక గొంతు వినిపించింది.

"ఆయన అబద్ధమాడలేదు ప్రభూ."

చూస్తే సింగమ్మ! తన ఇల్లు ఊడగొట్టినవాణ్ణి వెనకేసుకొస్తోంది! మీరైతే ఆ మాట అంటారా? నేనైతే నోరు మూసుకుని చోద్యం చూసేవాణ్ణి.

ఆమె వంగి ఒక ముక్క ఏరి, వేళ్ళ మధ్య నలిపి చూసింది. "ఇది ఆ పెద్ద పనివాడి చెయ్యే. కుట్టు చూడండి, ఒక్క పోగు తప్పలేదు. ఎంత మంచి జత! అరవై ఏళ్ళు కాలు తగలక ఎండిపోయింది, అంతే. ఈయన దాన్ని ప్రేమగానే దాచుకున్నాడు. తెలియక దాచుకున్నాడు."

రాజు లేచి, ఉత్త కాళ్ళతో మందిరంలోకి నడిచాడు. నీలం జత తీశాడు. అది కూడా ఆ చెయ్యి కుట్టిందే, ఆ కాలందే. తొడుక్కున్నాడు.

ఒక అడుగు. రెండు. మూడు. తేనెరంగు రబ్బరు మెత్తగా వంగింది, మళ్ళీ లేచింది. రాజు నాలుగో అడుగు వేశాడు. ఆపైన కిరీటం చేత్తో పట్టుకుని మందిరం చుట్టూ పరుగే పరుగు! పిల్లలు వెంటపడ్డారు. ఒగరుస్తూ వచ్చి సింగమ్మ ముందు ఆగాడు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"సింగమ్మా, ఇన్నేళ్ళూ ఇవి నావనుకున్నాను. బతికించింది నువ్వు. నిన్ను వెళ్ళగొట్టి పెద్ద తప్పు చేశాను, మన్నించు" అని తాళాలగుత్తి స్వయంగా ఆమె చేతిలో పెట్టాడు. వసుగుప్తుణ్ణి వదిలేయమన్నాడు. వాడు దండం పెట్టి, ఇంట్లో పెట్టెల్లో మూలుగుతున్న మిగతా జతలు గుర్తొచ్చి, ఒకటే ఉరుకు.

"నీకేం కావాలో కోరుకో" అన్నాడు రాజు. మణులడుగుతుందా, మాన్యాలడుగుతుందా అని జనమంతా చెవులు నిక్కబొడుచుకున్నారు.

సింగమ్మ మోకాళ్ళు రాసుకుంది. "తొంభై తొమ్మిది జతలు ప్రభూ. జతకు మూడు చుట్లు. ఒక్కదాన్నే తిరగలేక చస్తున్నాను. మీరు కూడా వస్తారా?"

రాజు పకపకా నవ్వాడు. ఆనాటి నుంచి ప్రతి నెలా, రాజు ఒక జత, సింగమ్మ ఒక జత చొప్పున అన్నీ అయ్యేదాకా తొడుక్కుని, మందిరం చుట్టూ కబుర్లాడుకుంటూ తిరిగేవారట. నూరో గూటికి జత దొరికిందో లేదో నాకు తెలియదు, వాళ్ళూ పట్టించుకోలేదు.

పిల్లలూ, ఇష్టమైనదాన్ని పెట్టెలో పెట్టి పూజిస్తే మిగలదు. వాడుకుంటూ, ప్రేమగా చూసుకుంటేనే అది పదికాలాలు బతుకుతుంది.