పదిహేడు నోటీసులు, ఒక క్లిప్పు

“ఈ గదిలో ఎవరి మాటనూ మధ్యలో తుంచం. ఇక్కడ ఎవరూ ఎవరికీ పైవారు కారు.”

అనకాపల్లిలో వేకువ మిత్రమండలి మొదలైన రోజున ఈ మాటలు గోడ మీద ఎర్రరంగుతో రాసినవాడు భానోజీయే. రంగు ఇంకా వెలవలేదు. మాట మాత్రం ఏడాది తిరక్కుండానే తప్పిపోయింది. ఇరవై ముగ్గురు సభ్యుల్లో పదిహేడు మంది సమావేశాలకు రావడం మానేశారు. చరిత్ర తలుపు తడుతుంటే ముసుగుతన్ని పడుకున్నారనీ, మాట తప్పింది వాళ్ళేననీ భానోజీకి రవ్వంత సందేహం కూడా లేదు. అందుకే పదిహేడు నోటీసులు టైపు చేయించి జేబులో పెట్టుకున్నాడు. ‘మీ నిష్క్రియకు కారణమేమిటో జూన్ 28, ఆదివారం సాయంత్రం ఐదు గంటల లోపు రాతపూర్వకంగా తెలపాలి. లేనిచో తొలగింపబడతారు.’

మండలికి ఒక పాత డీజిల్ కారు ఉంది. చూపు మందగించిన ముసలివాళ్ళను ప్రతి సోమవారం కంటి ఆసుపత్రికి ఉచితంగా తీసుకెళ్ళడం దాని పని. మొన్న సోమవారం రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఇంజను గడగడ వణికి చచ్చిపోయింది. గేటు లేచింది. వెనక లారీలు హారన్లు అందుకున్నాయి. శుక్లాలు చూపించుకోవడానికి వెళ్తున్న నలుగురు అవ్వలూ దిగి బండి నెట్టారు. “కళ్ళు లేకపోతే ఏటి, చేతులున్నాయి కదా. నువ్వు స్టీరింగు వదలకు నాయనా,” అంది అందరిలోకీ పెద్దదైన అప్పలనరసమ్మ.

ఆ సిగ్గుతో భానోజీ ఇంటికి రాగానే డీజిల్ పంపు మీది మరను తిప్పి ఐడ్లింగ్ పెంచేశాడు, అంటే ఎవరూ తొక్కకపోయినా ఇంజను తనంతట తాను తిరిగే వేగాన్ని. ఇంజను ఆగడం మానేసింది. కానీ నిలబడ్డ చోటే ఆంబోతులా రంకెలు వేస్తోంది, అదురు మాత్రం తగ్గలేదు. రేపు మళ్ళీ సోమవారం. ఈసారి ముగ్గురికి ఆపరేషన్లు. ఆ తేదీ తప్పితే మళ్ళీ మూడు నెలల దాకా దొరకదు.

అందుకని, నోటీసుల గడువు ఇంకా వారం ఉందనగా, ఆదివారం పొద్దున్నే కారును మాణిక్యాంబ గారి షెడ్డుకు తోలుకొచ్చాడు. ఆవిడ ఐటీఐలో ముప్ఫై ఏళ్ళు డీజిల్ పని నేర్పి రిటైరైన మనిషి. ఎవరు ఏ ప్రశ్న అడిగినా జవాబు చెప్పకుండా ఏదో ఒక మూత తెరవమనడం ఆవిడ అలవాటు. ఊళ్ళో సగం మంది మెకానిక్కులు అలా మూతలు తెరిచి బతుకుతున్నవాళ్ళే. భానోజీ కూడా ఆవిడ దగ్గరే చదివాడు, కానీ పానా కంటే పుస్తకాలు ఎక్కువ పట్టుకున్నాడు.

“మేడమ్, కదలని జనాన్ని కదిలించాలంటే ఎంత ఒత్తిడి పెట్టాలి?” అని అడిగి, పదిహేడు మందికి రాశానంటూ నోటీసు ఒకటి తీసి గట్టిగా చదివి వినిపించాడు.

ఆవిడ చివరిదాకా విన్నారు. “బానెట్టు ఎత్తు,” అన్నారు.

చేతిసంచీలోంచి గోళ్ళరంగు సీసా తీసి, మర ఇప్పుడు ఏ స్థానంలో ఉందో అక్కడ ఎర్రచుక్క పెట్టారు. “వెనక్కి రావలసిన చోటు తెలియకుండా దేన్నీ తిప్పకూడదు,” అన్నారు. భానోజీ మరను అందుకోబోతే చేతి మీద చిన్న దెబ్బ వేశారు. “ఇంజను వేడెక్కనీ. చల్లటి ఇంజను చెప్పే సాక్ష్యం చెల్లదు.”

టీ తెప్పించారు. ఇంజను వేడి చూపించే సూది మధ్యకు వచ్చేదాకా ఇద్దరూ తాగారు. తర్వాత ఫ్యానూ లైట్లూ ఆపించి, తిరిగే చక్రం మీద మెరిసే స్టిక్కరు అంటించి చేతిమీటరుతో వేగం చూశారు. నిమిషానికి పదకొండు వందల చుట్లు. ఉండవలసింది ఎనిమిది వందలు. ఆవిడ మరను మెల్లగా వెనక్కి తిప్పారు. కారు వణికింది. మడ్‌గార్డు మీద పెట్టిన ఖాళీ టీ గ్లాసు గునగునా నడుచుకుంటూ వెళ్ళి కింద పడింది. ఇంజను ఆగిపోయింది.

“చూశారా!” భానోజీ గంతేశాడు. “అదిలించకపోతే అడుగు వేయదు. బద్ధకం మేడమ్, నరనరాన బద్ధకం!”

“బద్ధకమో ఆకలో చూద్దాం, ఉండు.”

ఫిల్టరుకూ పంపుకూ మధ్య నల్లగొట్టం విప్పి, దాని బదులు జానెడు తెల్లగొట్టం తగిలించారు. లోపలికి చూస్తే కనబడేంత తేట గొట్టం అది. మరను ఎర్రచుక్క దాకా తెచ్చి మళ్ళీ తాళం తిప్పించారు. ఇంజను నడుస్తుంటే డీజిల్‌తో పాటు బుడగలు, ఒకదాని వెనక ఒకటి, బడి వదిలిన పిల్లల్లా పరిగెత్తుతున్నాయి.

“డీజిల్ వెళ్ళవలసిన దారిలో గాలి వెళ్తోంది. కడుపుకి అందనిది కుదురుగా ఎలా నిలబడుతుంది బాబూ?”

ట్యాంకు నుంచి వచ్చే గొట్టాన్ని ఆవిడ వేళ్ళతో తడుముకుంటూ వచ్చి, ఫిల్టరు దగ్గరి క్లిప్పు కింద ఆగారు. క్లిప్పు తీస్తే రబ్బరు మీద గోటితో గిచ్చినట్టు సన్నటి కోత.

“దీన్ని ఇంత గట్టిగా బిగించింది ఎవరు?”

“నేనే,” అన్నాడు భానోజీ, కొంచెం గర్వంగానే. “ఎక్కడా ఒక్క చుక్క వృథా కాకూడదని ఏప్రిల్లో నా బలమంతా పెట్టి బిగించాను. అయినా కోత పడితే డీజిల్ బయటికి కారాలి కదా? నేల మీద ఒక్క మరక లేదు.”

“ఇది పీల్చుకునే వైపు. కోత పడితే బయటికి చుక్క రాదు. లోపలికి గాలి పోతుంది. అందుకే తెగగొట్టినవాడికి తెలియదు.” ఆవిడ చాకుతో గొట్టం చివర అంగుళం కోసేశారు. “మీ మండలిలో నీలవేణి ఉందిగా. క్లిప్పులు బిగించడంలో నా దగ్గర చదివినవాళ్ళలో దానంత చేయి ఎవరికీ లేదు. అదేం చెప్పలేదా?”

భానోజీకి ఏప్రిల్ సమావేశం గుర్తొచ్చింది. నీలవేణి లేచి, “అన్నా, ఆ క్లిప్పు...” అంది. ఆ అంశం ఎజెండాలో లేదని తనే ఆపాడు. ఇకపై మాట్లాడదలచినవాళ్ళు మూడు రోజుల ముందు రాసివ్వాలని ఆ రోజే తీర్మానం కూడా చేయించాడు. ‘క్రమశిక్షణే స్వేచ్ఛకు తొలిమెట్టు’ అని దానికి శీర్షిక. జేబులోని పదిహేడు నోటీసుల్లో మొదటిది ఆ అమ్మాయిదే.

“చెప్పబోయింది,” అన్నాడు.

మాణిక్యాంబ గారు కోసిన గొట్టాన్ని మళ్ళీ ఫిల్టరుకు తొడిగారు. క్లిప్పు అతని చేతికిచ్చారు. అతను బిగించాడు. గొట్టం కదలకుండా పట్టుకోగానే, “చాలు,” అన్నారు. ఇంకో అరచుట్టు వేద్దామని అతని మణికట్టు తహతహలాడింది గానీ ఆపుకున్నాడు. చేతిపంపు నొక్కి గాలి బయటికి తోశారు. తెల్లగొట్టంలో చివరి బుడగ సాగిపోయింది. తాళం తిప్పగానే ఇంజను అందుకుంది. మరను పావుచుట్టు సవరిస్తే మీటరు మీద ఎనిమిది వందలు నిలిచింది. ఎర్రచుక్క ఎక్కడో దూరాన మిగిలిపోయింది. ఆవిడ పడిపోయిన గ్లాసు తీసి మళ్ళీ మడ్‌గార్డు మీద పెట్టారు. అది కదల్లేదు.

“రేపు అప్పలనరసమ్మకి నెట్టే పని లేదన్నమాట,” అని నవ్వి చేతులు తుడుచుకున్నారు.

భానోజీ నోటీసుల కట్ట బయటికి తీశాడు, చింపడానికి. ఆవిడ ఆ చేయి పట్టుకున్నారు.

“మంచి కాగితం, పాడుచేయకు. అందులో అడిగిన ప్రశ్న కూడా మంచిదే. పైదాని మీద నీలవేణి పేరు కొట్టేసి నీ పేరు రాసుకుని, జవాబు పట్టుకెళ్ళి ఆ పదిహేడు మందికీ ఇవ్వు. గడువు మాత్రం మార్చకు. జూన్ ఇరవై ఎనిమిది, ఆదివారం, సాయంత్రం ఐదు.”