చప్పుడు రాని ఊపిరి

ఓబులేసు బండి దీపంకొండ ఎక్కడం మానేసింది.

మూడో మలుపు దాకా బాగానే పోయేది. అక్కడ ఎత్తు పెరిగేసరికి నల్లటి పొగ కక్కి, నాలుగు దగ్గులు దగ్గి, ఆగిపోయేది. పాత డీజిల్ పికప్పు. దాని పని అయిపోయిందని ఊరంతా తేల్చేసింది. ఓబులేసు ఒప్పుకోలేదు. ఇంజను విప్పించి చూపిస్తే లోపల అన్నీ బాగానే ఉన్నాయి. డీజిల్ సరిగ్గానే అందుతోంది. అందనిది గాలి. గాలి చాలక కాలని డీజిలే నల్ల పొగై పోతోందని అతనికి అర్థమైంది.

ఆ బండి మాబున్నవ్వ తకియాది. ఊరి చివర తుమ్మచెట్ల మధ్య ఒక రేకుల కొట్టం, ఒక పచ్చజెండా, ఒక పెద్ద పొయ్యి, తకియా అంటే అంతే. అవ్వ ఫకీర్ల పరంపరలో మనిషి. నీది ఏ కులం, నీ దేవుడెవరు అని ఎవరినీ అడగదు. వచ్చినవాళ్లకి అన్నం పెడుతుంది, అడిగినవాళ్లకి ఊపిరి నేర్పుతుంది. ఓబులేసు ఆమెకి శిష్యుడు, డ్రైవరు కూడా.

అవ్వ నేర్పేది ఒకే ఒక పాఠం. సాయంత్రం పూట కళ్లు మూసుకుని కూర్చోవాలి. ముక్కుతో ఊపిరి తీసుకుంటూ మనసులో నామం తలుచుకోవాలి. ఊపిరి తీసుకునేటప్పుడు చప్పుడు రాకూడదు. ఓబులేసుకి ఎప్పుడూ వచ్చేది. భక్తి ఎక్కువయ్యేకొద్దీ చప్పుడూ ఎక్కువయ్యేది.

"పక్కనోళ్లకి వినపడింది నాయనా. మళ్లీ," అనేది అవ్వ.

చేరిన రోజు నుంచీ అదే మాట. ఇంకో పాఠం ఎప్పుడు మొదలవుతుందా అని అతను ఎదురు చూస్తూనే ఉన్నాడు.

ఈలోపు గంధం పండుగ దగ్గరపడింది. ఆ రోజు కొండ మీద దీపం పెట్టి, చుట్టుపక్కల పల్లెలన్నిటికీ అన్నం వండుతారు. దానికొక ఆచారం ఉంది. బియ్యం ఎవరి బండిలో కొండెక్కితే, మూటలు దించినాక ఆ బండి తోలినవాడు అందరి ముందూ ఒక మాట చెప్పాలి. ఆ ఏడాదంతా కొండకి అదే కట్టుబాటు. ఈ పక్క మేకలు తోలొద్దనో, ఆ చెట్లు కొట్టొద్దనో, మామూలు మాటలే ఉండేవి. పల్లెలు మాత్రం ఆ మాట దాటేవి కావు. ఎడ్లబండ్ల కాలం నుంచీ ఆ బియ్యం తకియా బండిలోనే ఎక్కుతోంది.

ఈ ఏడాది ఆ మాట మీద క్వారీ కాంట్రాక్టరు కేశవయ్య కన్ను పడింది. పక్క గుట్టని ఆయన అప్పటికే తవ్వి గుంట చేశాడు. ఇప్పుడు దీపంకొండ కావాలి. పల్లెలు ఒప్పుకుంటే తప్ప ఆ కొండ మీద గునపం దింపడానికి లేదు. పల్లెలేమో ఆ ఒక్క మాటకే కట్టుబడతాయి.

అందుకే కేశవయ్య పళ్లబుట్టతో తకియాకొచ్చాడు. నీ బండి ముసలిదైపోయింది కదవ్వా, ఈసారికి బియ్యం మా కొత్త లారీలో ఎక్కిద్దాం, నీకెందుకీ తిప్పలు అని చాలా మర్యాదగా అడిగాడు. అవ్వ బుట్ట తీసుకుని, ఒక్కో పండూ కొట్టం పక్కన కట్టేసిన మేకకి అందిస్తూ మొత్తం విన్నది.

"మా బియ్యం మా బండిలోనే ఎక్కుతాయి," అంది.

కేశవయ్య నవ్వాడు. ఎక్కితే సంతోషమేనన్నాడు. ఎక్కకపోతే మాత్రం బియ్యం రోడ్డు మీద పెట్టుకోలేం కాబట్టి, వెనకాలే తన లారీ వస్తుందన్నాడు. పెద్దమనుషులు కూడా అది న్యాయమేనన్నారు. తకియా బండి ఆగిపోతే బియ్యం లారీలోకి మారతాయి, మాట కూడా లారీతోపాటే పోతుంది.

ఓబులేసుకి తిండి సహించడం మానేసింది. టీకొట్టు దగ్గర కేశవయ్య లారీ డ్రైవరు సుంకన్న కనిపించినప్పుడల్లా ఒకటే వరస.

"ఏమప్పా ఓబులేసూ, మీ అవ్వ ఊపిరి నేర్పుతాదంట కదా. ఆ బండికి కూడా రెండు పాఠాలు చెప్పించగూడదా? పాపం, ఉబ్బసంతో సస్తాంది."

కొట్టు దగ్గరున్న వాళ్లంతా నవ్వేవాళ్లు. ఓబులేసు టీ సగంలో వదిలేసి లేచిపోయేవాడు.

ఒకరోజు తాడిపత్రి పోయి, శంఖం ఆకారంలో ఉండే కొత్తరకం ఎయిర్ ఫిల్టర్ తెచ్చాడు. ఎర్రగా మెరుస్తోంది. మూత లేదు, డబ్బా లేదు, చుట్టూ ఎటునుంచైనా గాలి పీల్చేస్తుందని షాపువాడు చెప్పాడు. ఓబులేసు ఇంజనుకి గాలి తెచ్చే పాత నల్ల డబ్బాని పీకి అవతల పారేశాడు. ఆ శంఖాన్ని బానెట్ కింద, ఇంజను పక్కనే బిగించాడు.

స్టార్ట్ చేశాడు. బండి గర్జించింది.

అసలు ఆ గొంతు తన బండిదేనా అనిపించింది. యాక్సిలరేటరు తొక్కితే రేకులు అదిరాయి, మేక గుంజ చుట్టూ తిరిగింది. ఊళ్లో నుంచి పోనిచ్చాడు. కేశవయ్య ఆఫీసు ముందు పనిమాలా ఆపి, మళ్లీ మళ్లీ తొక్కాడు. సుంకన్న బయటికొచ్చి చూశాడు. ఆ చూపు చాలనిపించింది ఓబులేసుకి.

తకియాకి తిరిగొచ్చేసరికి అవ్వ పొయ్యి దగ్గర కట్టెలు పేరుస్తోంది.

"ఇంత అరుస్తాంది, ఎవురి మీద కోపం దానికి?" అని అడిగింది.

ఓబులేసు నవ్వేసి, బండి వెనక ఇసుక మూటలు వేసుకుని కొండకి బయల్దేరాడు. ముందు ఒకసారి ఎక్కించి చూసుకోవాలి కదా.

మొదటి మలుపు గర్జిస్తూనే దాటింది. ఎండ మాడిపోతోంది. క్వారీ దుమ్ము రోడ్డు మీద పిండిలా పరుచుకుని ఉంది. రెండో మలుపులో గర్జన అలాగే ఉంది గానీ బండి నడక మెత్తబడింది. తొక్కేకొద్దీ అరుపు పెరుగుతోంది, చక్రం మాత్రం కదలడం లేదు. మూడో మలుపు దాకా కూడా పోలేదు. దానికి ఇంకా కిందే, పొగలో మునిగి ఆగిపోయింది.

వెనక్కి వెనక్కి దించుకుంటూ వచ్చాడు. కొండ కింద సుంకన్న లారీకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

"సన్నాయి బాగుందప్పా," అన్నాడు. "పెండ్లికొడుకే రాల్యా."

ఓబులేసు తకియా ముందు బండి ఆపాడు, ఇంజను కూడా కట్టెయ్యలేదు. తలుపు విసిరేసి దిగి, ఇన్నాళ్లు కడుపులో పెట్టుకున్నదంతా అవ్వ ముందు కక్కేశాడు. కేశవయ్యతో పంతం దేనికి అన్నాడు. ఊరంతా తననే చూసి నవ్వుతోందన్నాడు. రేపు ఆ కొండని తవ్వితే ఆ పాపం తన నెత్తినే పడుతుందన్నాడు.

"నీకేమవ్వా, కూచోని ఊపిరి తీసుకో ఊపిరి తీసుకో అంటావ్. ఊపిరితో కొండెక్కుతాదా బండి?"

అవ్వ కర్ర పట్టుకుని లేచింది. బండి దగ్గరికి నడిచింది.

"దీని మూత ఎత్తు," అంది.

ఓబులేసు బానెట్ ఎత్తాడు. ఇంజను కొట్టుకుంటోంది. వేడి మొహానికి కొట్టింది.

"ఈ ఎర్రదాని పక్కన తల పెట్టి నామం చెప్పు."

"ఇక్కడా?"

"సాయంత్రం చెప్పేదే కదా. ఇక్కడ చెప్పు."

అవ్వ వెనక నిలబడి బానెట్‌ని అతని వీపు మీదికి సగం దించింది. ఓబులేసు పంతంగానే కళ్లు మూసుకున్నాడు. ఊపిరి లోపలికి తీసుకున్నాడు. పొయ్యిలో మొహం పెట్టినట్టయింది. వేడికి తోడు దుమ్ము, కాలిన నూనె వాసన. నామం సగంలోనే తెగిపోయింది. దగ్గు వచ్చింది. దగ్గుతూనే మళ్లీ పీల్చాడు, ఈసారి నోటితో, గట్టిగా, చప్పుడు చేస్తూ. ఎంత గట్టిగా పీల్చినా గుండెకి చాలడం లేదు. చెవి పక్కనే ఆ ఎర్ర శంఖం కూడా అలాగే పీలుస్తోంది, అదే వేడిని, అదే దుమ్ముని, అంతే చప్పుడు చేస్తూ.

అవ్వ బానెట్ ఎత్తింది. ఓబులేసు కళ్లల్లో నీళ్లతో బయటపడ్డాడు. తుమ్మచెట్ల మీద నుంచి వచ్చే గాలి మొహానికి తగిలింది. ఒక్క గుక్క తీసుకున్నాడు. ఏ చప్పుడూ రాలేదు.

అవ్వ అప్పటికే కొట్టంలోకి వెళ్లిపోయింది.

అతను ఇంజను కట్టేసి, తుమ్మముళ్లల్లో పారేసిన పాత నల్ల డబ్బా వెతికి తెచ్చాడు. దాన్నుంచి హెడ్‌లైటు వెనక్కి, బయటి గాలి అందుకునేలా ఒక రబ్బరు గొట్టం ఉండాలి. అది ఎప్పుడో చిరిగిపోయింది. చిరిగిన చోట గుడ్డ చుట్టింది తనే. ఆ గుడ్డ ఎప్పుడు ఊడిపోయిందో, ఎప్పట్నుంచి తన బండి సొంత వేడినే తాగుతోందో ఆలోచించనే లేదు.

డబ్బా కడిగి ఆరబెట్టాడు. అందులో పట్టే కొత్త కాగితం ఫిల్టర్ తెచ్చి, ఎర్ర శంఖం పీకేసి డబ్బాని మళ్లీ దాని చోట బిగించాడు. బయటికి ఇనుప గొట్టం వెల్డింగు చేయించుకుందామని పోతే, వెల్డింగు షాపతను కేశవయ్య లారీలు తన దగ్గరికే వస్తాయని నేల చూపులు చూశాడు. ఓబులేసు బతిమాలలేదు. తకియా వెనక మిగిలిపోయిన బోరు పైపు ముక్క ఉంది. దాన్ని బండి పక్కనుంచి నిలువుగా, డ్రైవరు నెత్తి కంటే ఎత్తుగా నిలబెట్టి, కింద రబ్బరు గొట్టంతో డబ్బాకి కలిపాడు. అతుకుల మీద పాత ట్యూబు ముక్కలు చుట్టి క్లిప్పులు బిగించాడు. పైన మూతికి జల్లెడ కట్టాడు. రోడ్డు దుమ్ము అంత ఎత్తుకి అందదు. ఇంజను వేడి అసలే అందదు.

చూడ్డానికి మాత్రం బండి మోచెయ్యి విరిగి కట్టు కట్టించుకున్నట్టుంది.

గంధం రోజు బియ్యం మూటలు ఎక్కించారు. పల్లెలన్నీ కొండ కింద చేరాయి. వెనక కేశవయ్య లారీ పూలదండలతో, ఖాళీగా, ఇంజను ఆన్‌లోనే పెట్టుకుని నిలబడింది. అవ్వ పికప్పులో ముందు సీట్లో కూర్చుంది. ఓబులేసు తాళం తిప్పాడు.

కాసేపయ్యాక అవ్వ అడిగింది. "స్టార్ట్ చేసినావా?"

"చేసినానవ్వా."

"వినపల్యా."

ఓబులేసు గేరు వేశాడు.

మొదటి మలుపు దాటింది. రెండోది దాటింది. వెనక సుంకన్న హారన్ మోగిస్తూనే ఉన్నాడు, పక్కకి తప్పుకోమన్నట్టు, ఇంకెంతసేపన్నట్టు. మూడో మలుపు కనిపించింది. ఎత్తు మొదలైంది. హారన్ వీపు మీద చరుస్తోంది. ఓబులేసుకి యాక్సిలరేటరుని ఒక్కసారి గట్టిగా తొక్కి, అందరికీ వినపడేలా అరిపించాలనిపించింది.

పక్కన అవ్వ కళ్లు మూసుకుని ఉంది. ఊపిరి తీసుకుంటోందో లేదో కూడా తెలియడం లేదు.

ఓబులేసు రెండో గేరులోనే ఉంచాడు. తొక్కలేదు, వదల్లేదు. ముక్కుతో ఒక ఊపిరి తీసుకున్నాడు. బండి కూడా నెత్తి మీది గాలి తీసుకుంది. మలుపు మెల్లగా పక్కకి జరిగి, వెనక్కి పోయింది. అద్దంలో చూస్తే పొగ లేదు. లారీ ఉంది, దాని వెనక జనం ఉన్నారు, వాళ్ల వెనక కేశవయ్య తవ్వేసిన గుట్ట తెల్లగా గుంటపడి ఉంది.

కొండ మీద మూటలు దించారు. జనం చుట్టూ చేరారు. ఖాళీ లారీ కూడా వచ్చి ఆగింది. కేశవయ్య దిగి, చేతులు కట్టుకుని ఒక పక్కన నిలబడ్డాడు. బండి తోలినవాడు మాట చెప్పాలి.

ఓబులేసు దగ్గర చాలా మాటలు ఉన్నాయి. టీకొట్టు నవ్వులన్నిటికీ జవాబు, సుంకన్న సన్నాయికి జవాబు, కేశవయ్య తల దించుకునేలా ఒక పెద్ద ఉపన్యాసం. రోజులుగా బండి కడుగుతూ లోపల్లోపలే కట్టుకున్నవి. అవ్వ వైపు చూశాడు. అవ్వ దీపంలో వత్తి సరిచేసుకుంటోంది.

అతను కేశవయ్య కళ్లల్లోకి చూశాడు. ఊపిరి తీసుకున్నాడు. పక్కనున్న మనిషికి కూడా వినపడలేదు.

"కొండ ఇక్కడే ఉంటాది," అన్నాడు.

ఇంకేమైనా ఉందేమోనని అందరూ చూశారు. ఇంకేం లేదు.

అవ్వ దీపం వెలిగించి, అన్నం వండే వాళ్ల వైపు తిరిగింది.

"మొదటి విస్తరి కేశవయ్యకి ఎయ్యండి," అంది. "మా బండి ఎనకాలే ఇంత ఎత్తు ఎక్కొచ్చినాడు, ఆకలేసుంటాది."