గుచ్చయ్య కట్టిన మెట్ల ఇల్లు

అనగనగా ఒక అడవిలో, నిలబడితే కాలు జారే కొండవాలు ఒకటి ఉండేది, పిల్లలూ. అక్కడ ఇల్లు కడతానని బయలుదేరాడు గుచ్చయ్య అనే ముళ్ళపంది! ఏటి ఒడ్డున ఉన్న వాళ్ళ పాత బొరియ పోయిన వానాకాలం వరదలో కొట్టుకుపోయింది. ఇప్పుడేమో అతని భార్య సూదమ్మ నిండు చూలాలు. పెద్దవానలు మొదలయ్యేలోపు ఇల్లు లేచి తీరాలి.

"చూస్తూ ఉండవే! అడవిలో ఎవరికీ లేని కొత్తరకం ఇల్లు కడతా. బోలెడు గాలి, బోలెడు వెలుతురు! ముందు నువ్వు ముగ్గేసుకోవడానికి చదునైన పెద్ద వాకిలి!" అన్నాడు గుచ్చయ్య. హుషారుకి ఒంటి మీద ముళ్ళన్నీ లేచి నిలబడ్డాయి.

"వాకిలి సంగతి తర్వాత. ముందు ఇల్లు నిలవాలి కదయ్యా!" అంది సూదమ్మ.

వింటేగా! గుచ్చయ్య వాలును తొలిచి గదులు చేశాడు. తవ్విన మట్టంతా ముందు పోసి, తొక్కి తొక్కి చదును చేశాడు. అబ్బ, ఎంత వాకిలో! సూదమ్మ గడప కడిగి, వాకిట్లో నీళ్ళు చల్లిందో లేదో, సగం వాకిలి జర్రున లోయలోకి జారిపోయింది.

"రాళ్ళు పేర్చలేదు, అందుకే!" అన్నాడు గుచ్చయ్య.

మళ్ళీ మట్టి పోశాడు. చుట్టూ రాళ్ళ గోడ కట్టి, చీమ దూరే సందు కూడా లేకుండా బంకమట్టి మెత్తాడు. మర్నాడు ఓ జల్లు పడింది. పైనుంచి వచ్చిన నీళ్ళకు దారి లేక గోడ వెనకే చేరాయి. గోడ పొట్టలా ఉబ్బింది. ఉబ్బి ఉబ్బి, ఢామ్మని పడిపోయింది!

గుచ్చయ్య కూలబడి ఏడ్చేశాడు. "నా వల్ల కాదే! నీకు వాకిలి ఇవ్వలేను."

"వాకిలి నేనడిగానా? పిల్లలకి గూడు అడిగాను. లే, నాతో రా," అంది సూదమ్మ.

ఆమె వాలు పైకెక్కి కుండెడు నీళ్ళు కుమ్మరించింది. నీళ్ళు గెంతుతూ, మలుపులు తిరుగుతూ కిందికి పోయాయి. వాటి వెంటే గుచ్చయ్య పరుగెత్తాడు.

"ఓసినీ! ఇది నీళ్ళ దారే! మనం దీనికే అడ్డం కట్టాం. దీని జోలికి మనం పోవద్దు. పక్కన ఒక గది, దాని కింద ఒక గది, ఆ కింద ఇంకోటి! కింది గది కప్పే పై గదికి అరుగు!" అని అక్కణ్ణించే కేకలు పెట్టాడు.

"మరి చదునైన వాకిలో?" అని ఏడిపించింది సూదమ్మ.

"చదునూ లేదు, గిదునూ లేదు!"

ఇక చూడాలి ఆ తవ్వడం! గుచ్చయ్య రాళ్ళు పేరిస్తే, మధ్య మధ్య నీళ్ళు పోయే సందులు సూదమ్మ దగ్గరుండి వదిలించింది. ఆఖరి రాయి పెట్టగానే పెద్దవాన రానే వచ్చింది. నీళ్ళు ఇంటి పక్కనుంచి గలగలా నవ్వుకుంటూ పోయాయి. నడిమి గదిలో, వెచ్చగా, బుల్లి ముళ్ళపందులు పుట్టాయి!

వాన వెలిసి, సూదమ్మ కోలుకున్నాక, అరుగు అరుగుకీ ఒక ముగ్గు పెట్టింది. చదునైన వాకిట్లో ముగ్గు దారినపోయేవాళ్ళకే కనిపిస్తుంది. ఈ ముగ్గులు కొండ కింద ఏటి ఒడ్డు వాళ్ళందరికీ కనిపించాయి. అంతా తలలెత్తి చూశారు.

"చూశావా, నా వాకిలి ఎంత పెద్దదో!" అంది సూదమ్మ.

సంతోషంతో గుచ్చయ్య ముళ్ళన్నీ మళ్ళీ లేచి నిలబడ్డాయి.

నీతి: నేల తీరు చూసి ఇల్లు కట్టుకోవాలి గానీ, మన ఇంటి కోసం నేలతో తగువు పెట్టుకోకూడదు.